కల్వర్టు కింద సీసా

ఈశ్వరమ్మ మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి చూసింది. పైన వరండాలో స్కూటరు ప్లగ్గు తుడుచుకుంటున్న ఖాదర్ అది గమనించాడు. ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి మీదున్న ఆ గదికి వచ్చేవాళ్లలో సగం మంది వెనక్కి చూసుకుంటూనే వస్తారు. తలుపు మీద 'సంజీవమ్మ, ప్రైవేటు విచారణలు' అని బోర్డు. పెయింటరు తన సొంత తెలివితో పక్కన భూతద్దం బొమ్మ వేశాడు. సంజీవమ్మకు భూతద్దం లేదు. కళ్లజోడు ఉంది. దానికి ఒక కాడ ఊడిపోతే దారం కట్టుకుంది.

"అమ్మా, నా మొగుణ్ని చంపుతారు," అంది ఈశ్వరమ్మ, కూర్చోకుండానే.

"ముందు కూచో. నీళ్లు తాగు. మొదటి నుంచి చెప్పు. ఏడుపు మధ్యలో పెట్టుకోవద్దు, చివర్లో ఏడుద్దువు, నేనూ తోడుంటా."

ఈశ్వరమ్మ చెప్పింది. ఆమె భర్త చెన్నయ్య జమ్మలమడుగులో వైన్‌షాపు కౌంటర్లో సేల్స్‌మన్. కౌంటర్లో నిలబడాలంటే సర్కారు ఇచ్చే నౌకర్‌నామా కాగితం ఉండాలి. అది అతనికుంది, దానికోసం సర్కారు పెట్టిన క్లాసు కూడా శ్రద్ధగా విన్నాడు. మొన్న సాయంత్రం గొర్రెల బేరగాడు సిద్దయ్య ప్రొద్దుటూరు రోడ్డు కల్వర్టు కింద కాలు విరిగి, మత్తులో మూలుగుతూ దొరికాడు. పక్కన సగం ఖాళీ అయిన సీసా. దాని మీది నంబరు చెన్నయ్య కొట్టుదే. అప్పటికే తూలుతున్న మనిషికి మందు అమ్మడం నేరం. కొట్టుకు సీలు వేశారు. రేపు పది గంటలకు ఎక్సైజు ఇన్‌స్పెక్టరు కొట్టు ముందరే విచారణ పెడతాడు.

"సిద్దయ్య ఊరిది ఒక పార్టీ, మా ఊరిది ఇంకో పార్టీ," అంది ఈశ్వరమ్మ. "ఎన్నికలకు నాలుగు రోజులే ఉంది. ముసలాయన్ను చంపను కావాలనే తాపించినాడని వాళ్ల ఊర్లో అంటాండారు. రేపు తప్పు మాదేనని రాసినారంటే సిద్దయ్య కొడుకులు మా ఇంటి మీదికొస్తారు. మా ఊరోళ్లు ఊరికే ఉంటారా? ఇంగ అంతే."

"మీ ఆయన ఏమంటాడు?"

"అమ్మలేదంటాడు. సిద్దయ్య వచ్చినాడా అంటే వచ్చినాడంటాడు. మరేం జరిగిందిరా సామీ అంటే నోరు తెరవడు!"

అప్పుడు ఏడ్చింది. సంజీవమ్మ మాట తప్పలేదు. ఆమె చేయి పట్టుకుని, ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చుంది.

స్కూటరు తీస్తూ ఖాదర్ ఉండబట్టలేక అడిగాడు. "అక్కా, సారా ఉద్యమంలో నువ్వు కుండలు పగలగొట్టినావు. అంగళ్లకు తాళాలేసినావు. ఇప్పుడు బ్రాందీ అమ్మేవాని పక్కకు పోతాండామా?"

"నిషేధం పెట్టినోళ్లే నాలుగేళ్ల కిందట ఎత్తేసినారు. వేలం పాడి అమ్మించేది సర్కారే, జాగ్రత్తగా అమ్మండని క్లాసులు పెట్టేదీ సర్కారే. ఆ క్లాసు నిజంగా విన్నోడు జిల్లా మొత్తానికి ఒక్కడుంటే, వాణ్ని కూడా పోగొట్టుకోమంటావా? కిక్కు కొట్టు."

ఖాదర్ కువైట్లో ఆరేళ్లు షేకుల కార్లు నడిపాడు. ఇంత తక్కువ మాటల్లో ఇంత గట్టిగా తిట్టే మనిషిని అక్కడ కూడా చూడలేదు. అందుకే ఆమె దగ్గర ఉండిపోయాడు.

జమ్మలమడుగు ఎక్సైజు స్టేషన్లో కానిస్టేబులు సంజీవమ్మను చూడగానే లేచి నిలబడ్డాడు. వాళ్లమ్మ ఆమెతో కలిసి ధర్నాలు చేసింది. "చూడొచ్చు పిన్నీ, ముట్టుకోవద్దు," అని సీసా బల్ల మీద పెట్టాడు. చుట్టిన కాగితం మొన్నటి దినపత్రిక. ఒకవైపు ఎన్నికల సభలో చేయి ఊపుతున్న ఒక పెద్ద నాయకుడి రంగుల బొమ్మ. సంజీవమ్మ అడిగితే అతను కాగితం తిప్పి చూపించాడు. వెనకవైపు మార్కెట్ ధరల పట్టిక. అందులో ఒక అంకె చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీత.

"మీకెవరు చెప్పినారు?"

"ఫోనొచ్చింది పిన్నీ, ఏడు దాటి పది నిమిషాలకు. 'తాగినోనికి మందు అమ్మినారు, ప్రొద్దుటూరు రోడ్డు కల్వర్టు కింద చూడండి' అని పెట్టేసినాడు. పోయి చూస్తే కాలు విరిగి మూలుగుతాండాడు. ఆసుపత్రికి మేమే మోసినాం."

ఆసుపత్రి ముందు జీపు ఆగి ఉంది. సిద్దయ్య కొడుకులిద్దరూ దానికి ఆనుకుని నిలబడ్డారు. సంజీవమ్మ వాళ్లను తప్పుకోమని కూడా అనలేదు, నేరుగా నడిచింది. వాళ్లే తప్పుకున్నారు.

సిద్దయ్య మంచం మీద కట్టు కాలితో పడుకుని ఉన్నాడు. తెల్ల మీసాలు, గట్టి ఎముక.

"మామా, ఆ సీసా నీకెవరిచ్చినారు?"

"యాదిలేదమ్మా."

"చెన్నయ్య ఇచ్చినాడా?"

ముసలాయన గోడ వైపు చూశాడు.

"ఇయ్యలేదా?"

అప్పుడూ గోడ వైపే చూశాడు. అతని కుడిచేయి పోయి పోయి ఎడమ భుజం తడుముకుంటోంది, అక్కడ ఏమీ లేదని తెలుసుకుని దిగుతోంది. మళ్లీ పోతోంది.

"భుజం నొప్పా?" అన్నాడు ఖాదర్.

"నొప్పి కాదు భాయ్," అన్నాడు వెనక నుంచి పెద్ద కొడుకు. "మా నాయన తువ్వాలు లేకుండా వాకిలి దాటడు. కల్వర్టు కింద ఎవడో అది కూడా కొట్టేసినాడు."

"ఊరుకోరా," అని సిద్దయ్య కసిరాడు. ఆ కసురులో కోపం కంటే కంగారు ఎక్కువున్నట్టు ఖాదర్‌కు అనిపించింది.

చెన్నయ్య ఇంట్లో ఉన్నాడు. మనిషి ద్వారబంధమంత ఎత్తుంటాడు, మాట మాత్రం పిల్లి అడుగంత. అటక మీద కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి.

"ఏందివి?"

"హైస్కూలు పరీక్ష పేపర్లక్కా. పాతవి. సీసాలు చుట్టను తూకానికి తెచ్చుకుంటా."

సంజీవమ్మ ఒకటి లాగి చదివింది. తొమ్మిదో తరగతి, సాంఘిక శాస్త్రం, పైన ఒక ఆడపిల్ల పేరు. మద్యపానం వల్ల కలుగు నష్టములు వ్రాయుము. కింద గుండ్రటి అక్షరాల్లో ఒకే ఒక్క జవాబు: 'మా నాయన తాగి వస్తే మా అమ్మ తలుపు తీయదు. నేను తీస్తాను.' పక్కన అయ్యవారు సున్నా వేసి, 'ప్రశ్నకు సంబంధం లేదు' అని రాశాడు. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"సిద్దయ్యకు అమ్మినావా?"

"లేదక్కా."

"రుజువుందా?"

"ఉంది."

ఈశ్వరమ్మ తలుపు దగ్గర ఉలిక్కిపడింది. "ఉంటే చెప్పవేంది!"

"చెప్పకూడదు. మాటిచ్చినా."

"ఉద్యోగం పోతాది. ప్రాణమే పోతాది," అంది సంజీవమ్మ.

చెన్నయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి అట్లా నిలబడితే ఇల్లు చిన్నదైపోయినట్టుంది. "మాటిచ్చినాక ఇంగేముందక్కా," అన్నాడు.

రెండో సేల్స్‌మన్ హుమాయున్ సీలు వేసిన కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొన్న అతనికి సెలవు. కువైట్ పోతున్న అన్నను కడపకు తీసుకుపోయి బొంబాయి బస్సెక్కించి, తెల్లారి వచ్చాడు. బస్సు టిక్కెట్టు జేబులోనే ఉంది.

"చెన్నయ్య పోతే కౌంటరు నీదే కదా?"

"నాదే," అన్నాడు హుమాయున్. "ఆ మాట మా ఓనరు కూడా అన్నాడు. కానీ చెన్నయ్యన్న లేకపోతే సాయంత్రం ఏడు తర్వాత ఆ కౌంటర్లో నేను నిలబడలేనక్కా. నన్ను రోజూ కొడతారు. ఆయన్ను మాత్రం తిట్టి, సోడా తాగి పోతారు."

"అట్లెందుకు?"

"పులివెందులకు పోయి మా సారును అడుగు."

సారు అంటే అమీర్ బాషా. ఎక్సైజులో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు. ఆర్నెల్ల కిందట పులివెందుల పెళ్లి మండపంలో నలభై మంది సేల్స్‌మన్లకు మూడు రోజుల క్లాసు చెప్పింది ఆయనే. స్కూటరు పోయేసరికి పెరట్లో దానిమ్మ మొక్కకు నీళ్లు పోస్తున్నాడు.

"మొదటి రోజు చట్టం చెప్పినా తల్లీ. ఇరవయ్యొకటి నిండనోనికి అమ్మొద్దు. తూలేవానికి అమ్మొద్దు. ఎన్నికలప్పుడు తలుపు తీయొద్దు. అందరూ రాసుకున్నారు. ఒకడు లేచి, 'సార్, అవతలోడు నాయకుని మనిషైతే, నడుముకు కత్తుంటే, ఎట్ల వద్దనాల?' అన్నాడు. నా పుస్తకంలో దానికి జవాబు లేదు. రెండో రోజు నాటకం పెట్టినా. హుమాయున్ తాగినోడు, చెన్నయ్య కౌంటరు. హుమాయున్ తిట్టని తిట్టు లేదు, నటుడు వాడు. ఐదు నిమిషాలకు చెన్నయ్య ఏం మాట్లాడినాడో, వీడు సోడా తాగి, సిగ్గుపడతా, ఒట్టి భుజంతో ఇంటికి పోయినాడు. నలభై మందీ చప్పట్లు! నేను ముప్పయ్యేళ్లు చట్టమే చెప్పినా. మనిషి మర్యాద పోకుండా వద్దనడం వాడు నాకు నేర్పినాడు."

"ఒట్టి భుజంతోనా?"

అమీర్ బాషా నాలుక కరుచుకున్నాడు. "ఇంగ అడగొద్దు. బయట చెప్పకూడదని అందరం ఒట్టేసుకున్నాం."

"నేనేం అడగలేదు," అంది సంజీవమ్మ. ఆ రోజు మొదటిసారి నవ్వింది. "రేపు పది గంటలకు జమ్మలమడుగు రాండి సార్."

తిరిగి ప్రొద్దుటూరు చేరేసరికి బంగారు అంగళ్ల వీధిలో దీపాలు పెడుతున్నారు. వైన్‌షాపు వేలం పాడుకున్న ఓబులేసుకు అక్కడే నగల అంగడి ఉంది. పరుపు మీద కూర్చుని, పేపరు ముందేసుకుని, ధరల పేజీ మీద ఎర్ర పెన్ను ఆడిస్తున్నాడు. టీ తెప్పించాడు.

"చెన్నయ్య మంచోడే. ఆ క్లాసుకు పోయొచ్చినాక పిచ్చి పట్టింది. తూలేవానికి ఇయ్యడు, మీసం రానోనికి ఇయ్యడు. సగం బేరం పక్క కొట్టుకు పోతాంది."

"తీసెయ్యకపోయినావా?"

"తీసేస్తే వాళ్ల ఊరోళ్లు నా ఇంటి ముందు జీపులు పెడతారమ్మా. ఈ ఎన్నికల్లో అంత ధైర్యం ఎవరికుంది?"

"మొన్న సాయంత్రం ఏడింటికి యాడున్నావు?"

"జమ్మలమడుగులోనే, చుట్టాలింట్లో నిశ్చితార్థం. ఈడ నుంచి ఆరున్నరకే కారులో బయల్దేరినా."

"కొట్టుకు పోలేదా?"

"నెలకోసారి పోతే గొప్ప. కౌంటర్లో నిలబడే కర్మ నాకేంది?"

"సీసా న్యూస్ పేపర్లో చుట్టుంది. మీ కొట్లో అట్లనే ఇస్తారా?"

"మరింకెట్లిస్తారు? యాడైనా అంతే కదా," అన్నాడు ఓబులేసు.

సంజీవమ్మ టీ మొత్తం తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి లేచింది.

మర్నాడు పది గంటలకు కొట్టు ముందు రోడ్డుకు అటొక జీపు, ఇటొక జీపు. అటు సిద్దయ్య ఊరి మనుషులు, ఇటు చెన్నయ్య ఊరి మనుషులు. జీపుల్లో ఏమేమున్నాయో గోనెపట్టల కింద కనపడటం లేదు, కనపడాల్సిన అవసరం కూడా లేదు. సిద్దయ్యను కొడుకులు మంచంతో సహా మోసుకొచ్చారు. ఇన్‌స్పెక్టరు అరుగు మీద బల్ల వేయించుకున్నాడు. ఓబులేసు, హుమాయున్, అమీర్ బాషా పక్కన నిలబడ్డారు. ఈశ్వరమ్మ భర్త చొక్కా అంచు పట్టుకుని ఉంది. కానిస్టేబులు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చెన్నయ్యా," అంది సంజీవమ్మ, రోడ్డంతా వినపడేట్టు. "నువ్వు సీసా ఎందులో చుడతావు?"

"పరీక్ష పేపర్లోనక్కా."

"న్యూస్ పేపర్లో ఎందుకు చుట్టవు?"

చెన్నయ్య రెండు జీపుల వైపూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దోళ్ల బొమ్మలుంటాయి కదక్కా. వాళ్ల నాయకుని బొమ్మలో చుట్టిస్తే, 'మా ఆయన మొహం మీద బ్రాందీ కారుస్తావా' అని కొడతారు. అవతలాయన బొమ్మలో చుట్టిస్తే, 'వాని మొహం నా చేతికిస్తావా' అని కొడతారు. పిల్లోళ్ల లెక్కలు, సోషలు అయితే ఎవరూ ఏమీ అనుకోరు."

ఎవరో కిసుక్కుమన్నారు. రెండు వైపులా నవ్వు పాకింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆ కాగితం విప్పండి. అచ్చంగా నాయకుని మొహమే. ఈ ఊరి కౌంటర్లో ఒక్క పూట నిలబడినోడెవడూ ఆ పని చెయ్యడు. చెన్నయ్య చెయ్యడు, హుమాయున్ చెయ్యడు. కౌంటరు వెనక ఒక్కరోజు కూడా నిలబడనోడే చేస్తాడు. సీసా యాడైనా న్యూస్ పేపర్లోనే చుడతారనుకునేవాడు చేస్తాడు. ఇప్పుడు వెనక్కి తిప్పండి. ఎర్ర గీత దేని చుట్టూ ఉంది?"

ఇన్‌స్పెక్టరు కళ్లు చిట్లించాడు. "బంగారం. పది గ్రాముల ధర."

ఖాదర్ నెత్తి కొట్టుకున్నాడు. నిన్న పొద్దున ఆ గీత చూశాడు. నిన్న సాయంత్రం ఆ పెన్నూ చూశాడు. మధ్యలో నూట ముప్పై కిలోమీటర్లు స్కూటరు నడిపాడు, అంతే చేశాడు.

అందరి కళ్లూ ఓబులేసు చొక్కా జేబు మీదికి పోయాయి. ఎర్ర పెన్ను అక్కడే ఉంది.

"కారులో పోతా చూసినావు," అంది సంజీవమ్మ. "ముసలాయన పడి ఉన్నాడు. నిశ్చితార్థానికని పెట్టుకున్న కొట్టు సరుకు సీసా నీ కారులోనే ఉంది. చెన్నయ్యను నువ్వు తీసేస్తే జీపులొస్తాయి, చట్టం తీసేస్తే రావనుకున్నావు. చేతికందిన పేపర్లో చుట్టి, సగం పారబోసి, పక్కన పెట్టినావు."

"నేను తోయలేదు!" అని అరిచాడు ఓబులేసు. "నేను పోయేసరికే పడి ఉన్నాడు!"

"తోయలేదు. కాలు విరిగి మూలుగుతున్న మనిషి పక్కన నిలబడి, ఫోను ఆసుపత్రికి కాకుండా ఎక్సైజుకు చేసినావు. దానికి చట్టంలో ఏ సెక్షనుందో నాకు తెలీదు. నా దగ్గర మాత్రం ఒకటుంది." ఆమె చెప్పు వైపు చూసింది. ఓబులేసు రెండడుగులు వెనక్కి వేశాడు.

"సరేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సీసా ఆయన పెట్టినాడు. చెన్నయ్య అంతకుముందు ఇంకో సీసా అమ్మలేదని ఏంది గ్యారంటీ? సిద్దయ్య కొట్టుకు వచ్చిన మాట నిజం. తాగి ఉన్న మాటా నిజం."

రెండు జీపుల దగ్గరా నవ్వు ఆగిపోయింది. పెద్ద కొడుకు చేయి గోనెపట్ట మీదికి పోయింది.

సంజీవమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. గొంతు తగ్గించింది. "మామా, రుజువు ఆ తలుపు లోపలుంది. అదేందో నాకు తెలుసు. కానీ అది నీది. బయటపెట్టే హక్కు నాకు లేదు. నీ పరువు కోసమే చెన్నయ్య మూడు రోజులుగా నోరు మూసుకున్నాడు. ఉద్యోగం పోయినా చెప్పేట్టు లేడు. నువ్వు వద్దంటే నేనూ ఈడనే ఆపేస్తా."

సిద్దయ్య చేయి భుజం మీదికి పోయింది. కొడుకులను చూశాడు. ఈశ్వరమ్మ పిడికిట్లో నలిగిపోయిన చొక్కా అంచు చూశాడు.

"సీలు తీయండప్పా," అన్నాడు. "లోపల నా తువ్వాలుంది."

పెద్ద కొడుకు నోరు తెరిచాడు.

"నోర్ముయ్యిరా. ఆ పొద్దు పార్టీ విందులో నాటుసారా తాగి, చాలక ఈడికొచ్చినా. నిలబడలేకున్నా. చెన్నయ్య ఏమన్నాడు? 'మామా, ఈ పొద్దుకు చాలు. తువ్వాలు నాకిచ్చి పో, పొద్దున్నే వచ్చి తీసుకో, సీసా అప్పుడిస్తా' అన్నాడు. ఇచ్చినా. తువ్వాలు లేకుండా ఇంకో కొట్టు ముందు ఎట్ల నిలబడతాం? సిగ్గుతో ఇంటిదోవ పట్టినా. చీకట్లో కల్వర్టు కానరాలే. అవతలి పార్టీ వానికి తువ్వాలిచ్చి వచ్చినానని మీకు ఏ నోటితో చెప్పాల్రా? ఈ యేడు ఇది నాలుగోసారి."

సీలు తీశారు. కౌంటరు వెనక మేకులకు వరుసగా ఐదు తువ్వాళ్లు వేలాడుతున్నాయి. ఎర్రంచుది సిద్దయ్యది.

"మిగతావి ఎవరివి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చెప్పను సార్," అన్నాడు చెన్నయ్య.

చెప్పనవసరం లేకపోయింది. అటు జీపు దగ్గర ఇద్దరు, ఇటు జీపు దగ్గర ఇద్దరు, ఒట్టి భుజాలతో ఉన్నవాళ్లు, మెల్లగా వెనక వరుసలోకి జరిగారు. ముందు చూసింది ఖాదర్. తర్వాత అందరూ చూశారు. ఈసారి ఏ నవ్వు ఏ పార్టీదో తెలియలేదు. పెద్ద కొడుకు గోనెపట్ట మీద నుంచి చేయి తీసి మొహం తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు రాసింది రాశాడు. నౌకర్‌నామా చెన్నయ్య చేతికిచ్చాడు. ఓబులేసుతో సంతకం పెట్టించి, స్టేషన్‌కు నడవమన్నాడు. అమీర్ బాషా మూలకు పోయి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

చెన్నయ్య ఎర్రంచు తువ్వాలు దులిపి, రెండు మడతలు వేసి, ముసలాయన భుజం మీద తనే పరిచాడు.

"అల్లుడూ, పొద్దున్నే సీసా ఇస్తానంటివే. యాడ?"

"కొట్టు తెరిచి అమ్మమని ఆర్డరు ఇంకా రాలేదు మామా. రేపటి నుంచి ఎన్నికల బందు. ఇస్తే చట్టం ఒప్పుకోదు."

"నీ చట్టం తగలెయ్య," అన్నాడు సిద్దయ్య. అంటూ అతని చేయి వదల్లేదు.

సంజీవమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. సంతకం చేసిన కంగారులో ఓబులేసు ఎర్ర పెన్ను అక్కడే మర్చిపోయాడు. ఆమె సంచిలోంచి మడిచిన పరీక్ష కాగితం తీసి, దారం కట్టిన కళ్లజోడు సవరించుకుని, సున్నా ముందు ఒకటి వేసింది.

"ఏందక్కా అది?" అన్నాడు ఖాదర్.

"పదికి పది," అంది. "స్కూటరు తీ. ఈ పిల్ల ఇల్లు ఎక్కడో కనుక్కోవాల."